ఆగడం నేర్చిన చక్రం

1953 జూన్ 13, శనివారం, సాయంత్రం నాలుగు గంటలు. ఫ్రాన్స్‌లోని ల మాన్‌లో జెండా ఊగింది. రోడ్డుకు ఒక పక్క నిలబడ్డ డ్రైవర్లు అవతలి పక్క వరసగా నిలిపిన కార్ల వైపు పరుగు తీశారు. మర్నాడు సాయంత్రం నాలుగింటి దాకా పందెం. పగలూ రాత్రీ తేడా లేదు. ఇరవై నాలుగు గంటల్లో ఎక్కువ దూరం పోయిన కారుదే గెలుపు.

ఆ దారిలో దాదాపు ఆరు కిలోమీటర్ల తిన్నటి రోడ్డు ఒకటుంది. దాని చివర మ్యుల్సాన్ ఊరి దగ్గర కుడివైపు గట్టి మలుపు. గంటకు 240 కిలోమీటర్ల వేగంతో వచ్చిన కారు మలుపుకు ముందున్న కొద్ది దూరంలోనే తన వేగాన్ని పావు వంతుకు దించుకోవాలి. దించుకోలేకపోతే ఎదురుగా ఇసుక దిబ్బే.

తిన్నటి రోడ్డు మీద అమెరికా నుంచి వచ్చిన తెల్లటి కన్నింగ్‌హామ్ కారుదే పైచేయి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ముదురాకుపచ్చ జాగ్వార్ల కన్నా దాని వేగం ఎక్కువ. మలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క తిరగబడుతోంది. డ్రమ్ము బ్రేకుల కారు నడిపేవాడు పెడల్ మీద కాలు వేయక తప్పని చోటు దాటాక కూడా జాగ్వార్ ఇంకా దూసుకుపోతూనే ఉంది. ఆ తర్వాత, బాగా ఆ తర్వాత, దాని డ్రైవరు బ్రేకు నొక్కుతున్నాడు. అయినా కారు చెప్పినట్టు విని, ఒద్దికగా మలుపు తిరుగుతోంది. చుట్టు చుట్టుకీ ఇదే తంతు.

గుట్టు చక్రంలోనే ఉంది. జాగ్వార్ చక్రాల ఊచల సందుల్లోంచి చూస్తే, డ్రమ్ము ఉండాల్సిన చోట ఒక ఇనుప పళ్లెం గాలికి తెరుచుకుని తిరుగుతోంది. దాన్ని రెండు వైపుల నుంచీ పట్టి నొక్కే క్యాలిపర్ పక్కనే ఉంది. ఇవాళ మన మోటార్‌సైకిళ్ల ముందు చక్రంలో కనిపించే డిస్కు బ్రేకు ఇదే.

ఆ పళ్లెం ఆ చక్రంలో కుదురుకోవడానికి ముందు రెండేళ్ల చాకిరీ ఉంది. ఆ చాకిరీ జరిగిన ఊరు ఒకప్పటి నేతగాళ్ల ఊరు. సోలాపూర్ సాంచాల మధ్య పుట్టి పెరిగిన మన పద్మశాలి ఇళ్లవాళ్లు తెలుసుకోవలసిన కథ ఇది.

రిబ్బన్లు నేసిన ఊరు

కోవెంట్రీ. ఇంగ్లండ్ నడిబొడ్డున ఉన్న ఈ ఊరు పందొమ్మిదో శతాబ్దంలో పట్టు రిబ్బన్ల నేతకు పెట్టింది పేరు. హిల్‌ఫీల్డ్స్, ఫోల్స్‌హిల్ పేటల నిండా నేతగాళ్లే. కింద కాపురం, పై అంతస్తులో మగ్గం. వెలుతురు కోసం పై గదికి ఆ గోడ నుంచి ఈ గోడ దాకా కిటికీలు. 1857లో క్యాష్ అన్నదమ్ములు ఇలాంటి ఇళ్లను వరసగా కట్టించి, అన్ని ఇళ్ల పై గదుల్లో మగ్గాలూ ఒకే ఆవిరి ఇంజను మీద నడిచేలా ఇరుసు పెట్టించారు. ఆ ఇళ్లు కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

సోలాపూర్‌లో పూర్వభాగ్, అశోక్ చౌక్, సాఖర్‌పేట్ వైపు తిరిగినవాళ్లకు ఈ అమరిక కొత్తగా అనిపించదు. నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెల నుంచి బతుకుదెరువుకు వచ్చిన మన పద్మశాలీలు ఇక్కడ ఇల్లూ కార్ఖానా ఒకే గోడ కింద పెట్టుకున్నారు. 1870లలో మొదలైన జూనీ మిల్లు, దాని వెనక వచ్చిన మిల్లులు కొందరికి కూలి ఇచ్చాయి. మిగతావాళ్లు ఇంటి మగ్గం మీద, ఆ తర్వాత కరెంటు సాంచా మీద చాదర్లు, టవళ్లు నేశారు. సోలాపూర్ చాదర్‌కు భౌగోళిక గుర్తింపు దక్కిందంటే అది ఆ చేతుల చలవే.

కోవెంట్రీ మీద పిడుగు 1860లో పడింది. ఆ ఏడాది ఇంగ్లండ్, ఫ్రాన్స్ వాణిజ్య ఒప్పందం చేసుకున్నాయి. ఫ్రెంచి పట్టు మీద సుంకం ఎత్తేశారు. ఫ్రాన్స్ రిబ్బన్లు వెల్లువెత్తాయి. మగ్గాలు మూలపడ్డాయి. వేలమంది ఊరు వదిలి పోయారు. 1860ల మొదటి ఏళ్లలో ఊళ్లో కుట్టుమిషన్ల కంపెనీ ఒకటి పెట్టారు. అందులో పనిచేసిన జేమ్స్ స్టార్లీ ఆ దశాబ్దం చివర్లో సైకిళ్ల వైపు మళ్లాడు. 1874లో ఆయన పేటెంటు తీసుకున్న చక్రంలో సన్నటి ఇనుప ఊచలు చక్రం నడుమ ఉండే హబ్బు మధ్య నుంచి నేరుగా రాకుండా, దాని అంచుకు ఒరుసుకుంటూ పక్కవాటంగా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. తిప్పే బలాన్నీ ఆపే బలాన్నీ అలాంటి చక్రమే తట్టుకుంటుంది. సైకిల్ చక్రానికి ఈనాటికీ అదే అల్లిక.

తర్వాత అదే ఊళ్లో రడ్జ్-విట్‌వర్త్ కంపెనీ కార్లకు ఊచల చక్రం చేసింది. నాలుగైదు బోల్టులు విప్పే పని లేకుండా, మధ్యలో ఒకే ఒక్క పెద్ద నట్టుతో చక్రం ఊడివచ్చే హబ్బు అది. సుత్తితో నట్టు రెక్క మీద నాలుగు దెబ్బలు వేస్తే చాలు. పందెం కార్లకు అది వరమైంది. 1928లో స్వాలో అనే చిన్న కంపెనీ ఫోల్స్‌హిల్‌కు వచ్చి చేరింది. తర్వాత దాని పేరు జాగ్వార్ అయింది. రిబ్బన్ల పేటలోనే జాగ్వార్ పెరిగింది.

బట్టే బ్రేకు

నేతకూ బ్రేకుకూ ఉన్న చుట్టరికం ఊరితో ఆగలేదు. 1897 ప్రాంతంలో డెర్బీషైర్ కొండ దారుల్లో హెర్బర్ట్ ఫ్రూడ్ గుర్రపుబండ్ల తంటాలు చూశాడు. దిగుడులో బండి ఆపడానికి చెక్క దిమ్మెను చక్రానికి ఒత్తేవారు. వానకు తడిస్తే అది జారిపోయేది. ఫ్రూడ్ నేసిన నూలుబట్టను పొరలు పొరలుగా పేర్చి, జిగురు పట్టించి, గట్టిపరచి దిమ్మెకు అతికాడు. అది పట్టు జారలేదు. ఫెరోడో కంపెనీ అలా పుట్టింది.

అంటే మోటారు బండ్లకు మొదట్లో వేసిన బ్రేకు లైనింగు మగ్గం మీద పడుగూ పేకా కలిపి నేసిన బట్టే. వేగం పెరిగేసరికి నూలు మాడిపోయింది. అప్పుడు రాతినారను, అంటే ఆస్‌బెస్టాస్‌ను, నేసి వాడారు. ఆ నార దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుందని తేలాక చాలా దేశాలు దాన్ని వదిలేశాయి. పదార్థం మారింది కానీ, మెత్తదనమూ గట్టిదనమూ కలిసిన పొర ఒకటి ఇనుముకు ఒరుసుకుంటూ వేగాన్ని వేడిగా మార్చాలన్న సూత్రం మారలేదు.

డిస్కు ఆలోచన కూడా కొత్తదేం కాదు. 1902లోనే బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ దానికి పేటెంటు తీసుకున్నాడు. చక్రంతో పాటు తిరిగే పళ్లేన్ని రెండు వైపులా పట్టి నొక్కడమే సూత్రం. ఇనుము, రాగి ఒరుసుకుని చెవులు చిల్లులు పడే మోత వచ్చేది. ఆనాటి రోడ్ల దుమ్ముకు పట్టీలు ఇట్టే అరిగిపోయేవి. లోకం ఆయన్ని పక్కన పెట్టి డ్రమ్మునే నమ్ముకుంది.

డ్రమ్ములో చిక్కిన వేడి

డ్రమ్ము బ్రేకు మంచి సరుకే. లోపల రెండు అర్ధచంద్రాకారపు షూలు విచ్చుకుని డ్రమ్ము గోడను ఒత్తుతాయి. ఒక షూను డ్రమ్మే తన తిరుగుడుతో మరింత లోపలికి లాక్కుంటుంది. అందుకే కాలి బలం తక్కువ పడుతుంది. చిక్కంతా వేడితోనే. కారు, డ్రైవరు, పెట్రోలు కలిపి ఒక టన్ను అనుకుందాం. 240 కిలోమీటర్ల నుంచి 60కి వేగం దించిన ప్రతిసారీ పుట్టే వేడితో ఆరు లీటర్ల మామూలు నీళ్లు మరిగిపోతాయి. ఇదంతా కొన్ని సెకన్లలో, నాలుగు డ్రమ్ముల్లో. ఇరవై నాలుగు గంటల పందెంలో, ఒక్క ఆ మలుపు దగ్గరే, మూడు వందల సార్లు.

ఆ వేడికి పోయే దారి లేదు. వేడెక్కిన డ్రమ్ము సాగి షూలకు దూరం జరుగుతుంది. లైనింగు నుంచి ఆవిర్లు లేచి పట్టు సడలుతుంది. డ్రైవరు ఎంత నొక్కినా కారు ఆగనంటుంది. 1951లో జాగ్వార్ సీ-టైప్ డ్రమ్ము బ్రేకులతోనే ల మాన్ గెలిచింది. అయినా చీఫ్ ఇంజనీరు విలియం హేన్స్‌కూ, జట్టు మేనేజర్ లాఫ్టీ ఇంగ్లండ్‌కూ ముందు కనిపిస్తున్న గోడ ఇదే. ఇంజను బలం ఇంకా పెంచగలరు. పెంచిన వేగాన్ని దించడం ఎలా?

విమానాలకు అప్పటికే డిస్కు బ్రేకులు చేస్తున్న డన్‌లప్ కంపెనీ జాగ్వార్‌తో చేయి కలిపింది. విమానం దిగినప్పుడు ఒక్కసారి ఆగితే చాలు. తర్వాత బ్రేకు చల్లారడానికి కావలసినంత సేపు దొరుకుతుంది. కారు నిమిషానికోసారి ఆగాలి, మళ్లీ పరుగెత్తాలి. తేడా అక్కడుంది.

నార్మన్ డ్యూయిస్ కాలి కింద

1952 జనవరిలో నార్మన్ డ్యూయిస్ జాగ్వార్‌లో టెస్ట్ డ్రైవర్‌గా చేరాడు. కోవెంట్రీలోనే పుట్టాడు. తండ్రి పోవడంతో పద్నాలుగేళ్లకే బడి మానేసి కార్ల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. యుద్ధంలో బ్లెన్‌హైమ్ బాంబరులో తుపాకీ పట్టాడు. పొట్టి మనిషి, గట్టి పిండం. డిస్కులు బిగించిన కారు ఆయన చేతికి వచ్చింది.

నన్‌ఈటన్ దగ్గర లిండ్లీలో పాత విమానాశ్రయాన్ని కార్ల పరీక్షా మైదానంగా మార్చారు. డ్యూయిస్ పని అక్కడే. వేగం అందుకోవాలి, ఉన్నట్టుండి బ్రేకు నొక్కాలి. మళ్లీ వేగం, మళ్లీ బ్రేకు. ఏదో ఒకటి ఓడిపోయేదాకా.

మొదట ఓడింది ద్రవం. క్యాలిపర్‌లో పిస్టన్ వెనక ఉండే బ్రేకు ద్రవానికీ, మండుతున్న ప్యాడుకూ మధ్య దూరం చాలా తక్కువ. వేడి పిస్టన్ గుండా పాకి ద్రవాన్ని మరిగించింది. మరిగితే ఆవిరి బుడగలు. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, అందుకే బ్రేకు పనిచేస్తుంది. ఆవిరి కుదించుకుపోతుంది. పెడల్ నేలకు ఆనింది, కారు మాత్రం పోతూనే ఉంది. ప్యాడుకూ పిస్టన్‌కూ మధ్య వేడి అందకుండా చూడటం, ఎక్కువ వేడిని తట్టుకునే ద్రవం వెతకడం మొదటి మరమ్మతు.

రెండోది ప్యాడు. డ్రమ్ము లైనింగుకు పొడవైన పట్టీ ఉంటుంది. డిస్కు ప్యాడు అరచేతిలో పట్టేంత గుండ్రటి ముక్క. ఒత్తిడి అంతా ఆ చిన్న ముక్క మీదే. పాత సరుకు పనికిరాలేదు. కొత్త మిశ్రమాలు చేశారు, కాల్చారు, అరగదీశారు, పారేశారు, మళ్లీ చేశారు.

మూడోది హబ్బు. అసలు మొండి చిక్కు అదే.

కారు మూల దగ్గర గట్టిగా తిరిగి, తిన్నటి రోడ్డు అందుకుని, చివర బ్రేకు నొక్కితే పెడల్ ఉత్తినే లోపలికి పోయేది. రెండోసారి నొక్కితే మామూలే. ద్రవం మరగలేదు. ప్యాడు మాడలేదు. కారు నిలబెట్టి చూస్తే అన్నీ సవ్యంగా ఉన్నాయి. మరి మొదటి నొక్కు ఎక్కడికి పోయింది?

చక్రం విప్పి చూద్దాం. డిస్కు హబ్బుకు బిగించి ఉంటుంది. హబ్బు రెండు బేరింగుల మీద స్టబ్ యాక్సిల్ అనే పొట్టి ఇరుసు చుట్టూ తిరుగుతుంది. డ్రమ్ము కాలంలో ఆ బేరింగుల్లో కాస్త ప్లే, అంటే వదులు, ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. డ్రమ్ముకూ షూకూ మధ్య ఎడం ఉంటుంది, చిన్న ఊపును అది మింగేస్తుంది. డిస్కుకూ ప్యాడుకూ మధ్య ఉండే సందు వెంట్రుకవాసి. మలుపులో టైరు మీద పడే పక్కతోపుడుకు హబ్బు ఒక పిసరు వాలుతుంది. హబ్బు దగ్గర పిసరంత వాలితే డిస్కు అంచు దగ్గర అది ఇంకా పెరుగుతుంది. తిరుగుతున్న పళ్లెం అంచు అటూ ఇటూ ఊగి ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది. ప్యాడు వెనకే పిస్టనూ లోపలికి పోతుంది. తర్వాత డ్రైవరు నొక్కిన మొదటి నొక్కు ప్యాడ్లను మళ్లీ డిస్కు దాకా తేవడానికే సరిపోతుంది. ఆపడానికి ఏమీ మిగలదు.

240 కిలోమీటర్ల వేగంలో ఆ ఒక్క నొక్కు ఎంత దూరమో లెక్క వేయవచ్చు. సెకనుకు దాదాపు 67 మీటర్లు. కాలు ఎత్తి మళ్లీ నొక్కేసరికి మలుపు వెనకబడిపోతుంది.

అందుకే మరమ్మతు బ్రేకు కన్నా వెనక్కి జరిగింది. హబ్బును గట్టిపరచాలి. బేరింగుల ప్లేను బిగించాలి. డిస్కు తన ఇరుసుకు నిక్కచ్చి లంబంగా, వంకర లేకుండా తిరగాలి. పెడల్ నుంచి వెళ్లే బలం చాలాలి. డిస్కుకు డ్రమ్ములాగా తనంతట తాను పట్టు పెంచుకునే గుణం లేదు. అందుకే 1953 నాటి పందెం కార్లకు గేరుబాక్సు తిప్పే ప్లెస్సీ పంపు ఒకటి తగిలించి కాలికి తోడు ఇచ్చారు. డిస్కు పెడదామని మొదలుపెట్టిన పని బేరింగు, హబ్బు, ద్రవం, ప్యాడు, పంపు దాకా, చివరికి పెడల్ దాకా వచ్చి ఆగింది.

బ్రెషియా వేదిక, రాన్స్ గెలుపు

1952 మే 4, ఆదివారం ఉదయం. ఇటలీలో బ్రెషియా. అక్కణ్నుంచి రోమ్ పోయి తిరిగి బ్రెషియా చేరే మిల్లె మిలియా పందెం. పదహారు వందల కిలోమీటర్ల దాకా మామూలు రోడ్డు, కొండలు, ఊళ్లు. ప్రతి కారు మీదా అది బయలుదేరే సమయమే అంకెగా రాస్తారు. 619 అంకెతో ఆకుపచ్చ సీ-టైప్ 6 గంటల 19 నిమిషాలకు వేదిక దిగింది. స్టీరింగ్ వెనక ఇరవై రెండేళ్ల స్టిర్లింగ్ మాస్. పక్క సీట్లో నార్మన్ డ్యూయిస్. లిండ్లీ మైదానంలో తాను పరీక్షించిన బ్రేకులు కొండ రోడ్ల మీద ఎలా నడుస్తాయో చూడటానికి ఆయనే స్వయంగా వచ్చాడు.

బ్రేకులు నిలబడ్డాయి. ముందు వరసలోనే కారు పోయింది. తిరుగు ప్రయాణంలో కొండలు దిగి బొలోన్యా వైపు వస్తుండగా కారు రాతికి తగిలి స్టీరింగ్ దెబ్బతింది. పందెం అక్కడితో సరి. కానీ ఆ దారిలో మాస్ ఇంకోటి చూశాడు. మెర్సిడెస్ కొత్త కారు 300 ఎస్ఎల్ తిన్నటి రోడ్డు మీద తనకన్నా వేగంగా పోతోంది. ల మాన్‌కు ఇంకా వేగం కావాలని ఆయన జాగ్వార్‌కు కబురు పంపాడు.

ఆ కబురు ముంచింది. గాలిని ఇంకా బాగా చీల్చాలని సీ-టైప్ ముక్కు, తోక హడావుడిగా మార్చేశారు. ఆ ముక్కులో రేడియేటరుకు గాలి, నీళ్ల అమరిక చాల్లేదు. 1952 జూన్‌లో ల మాన్‌లో నిలిపిన మూడు జాగ్వార్లూ ఇంజన్లు వేడెక్కి మొదటి కొన్ని గంటల్లోనే మూలపడ్డాయి. మెర్సిడెస్ గెలిచింది. ఆపే పనిని అన్నాళ్లు ఓపికగా చేసినవాళ్లు పరిగెత్తే పనిని తొందరపడి చేశారు, ఫలితం అనుభవించారు.

రెండు వారాలు తిరిగాయి. జూన్ 29న ఫ్రాన్స్‌లోనే రాన్స్ పట్టణంలో మాస్ డిస్కు బ్రేకుల సీ-టైప్ మీద మొదటి స్థానంలో వచ్చాడు. డిస్కు బ్రేకుల కారు గెలిచిన మొదటి పెద్ద పందెం అదే.

ఆ ఇరవై నాలుగు గంటలు

మళ్లీ 1953 జూన్‌కి వద్దాం. ఈసారి జాగ్వార్ మూడు తేలిక కార్లు తెచ్చింది. ముక్కు పాతదే. నాలుగు చక్రాలకూ డిస్కులు. పందేనికి ముందే ఒక గండం వచ్చింది. అదనపు డ్రైవరుగా ఉన్న డ్యూయిస్ సాధనలో నడిపిన విడి కారు మీద 18 అంకె ఉంది. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ల కారు అంకె కూడా 18. ఒకే అంకెతో రెండు కార్లు రోడ్డు మీదికి రావడం నియమాలకు విరుద్ధం. రోల్ట్, హామిల్టన్ పందేనికి అనర్హులయ్యారు. బతిమాలుకోగా చివరికి అనుమతి దొరికింది.

రోల్ట్ గురించి ఒక మాట చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు చిక్కి కోల్డిట్జ్ కోటలో బందీగా ఉన్నాడు. చాపెల్ పైకప్పు కావలివాళ్ల కంటికి ఆనదని ఆయన గమనించాడు. ఆ కప్పు మీది నుంచి ఎగిరిపోదామని తోటి బందీలు అటకలో దొంగచాటుగా గ్లైడరు కట్టారు. రెక్కలకు కప్పింది ఖైదీల నీలం తెలుపు గళ్ల నూలు పక్కబట్టలు. బట్ట బిగుసుకోవడానికి పూత పూసింది ఉడికించిన చిరుధాన్యపు గంజి. గంజి పెట్టి పడుగు బిగించే మన ఇళ్లవాళ్లకు ఆ ఉపాయం విప్పి చెప్పక్కర్లేదు. గ్లైడరు ఎగరకముందే, 1945 ఏప్రిల్‌లో, కోట విముక్తమైంది.

పందెం మొదట్లో మాస్ కారు ముందుకు పోయింది. అంతలో పెట్రోలు సరిగా అందక ఇంజను తడబడింది. ఆగి బాగు చేసుకునేసరికి వెనకబడింది. రోల్ట్, హామిల్టన్ ముందుకొచ్చారు. వాళ్ల వెనకే ఇటలీ నుంచి వచ్చిన ఎర్ర ఫెరారీ. నడిపేది ప్రపంచ చాంపియన్ అల్బెర్టో అస్కారీ, లుయీజీ విల్లొరేసీ. రాత్రంతా వెంటాడింది. మలుపు దగ్గర జాగ్వార్ సంపాదించిన గజాలను ఫెరారీ తిన్నటి రోడ్డు మీద తిరిగి రాబట్టుకోవాలి. ఆ భారం ఇంజను మీదా క్లచ్ మీదా పడుతుంది. ఆదివారం ఫెరారీ క్లచ్ చేతులెత్తేసింది.

సాయంత్రం నాలుగింటికి 18 అంకె కారు 4,088 కిలోమీటర్లు పోయి గెలిచింది. గంటకు సగటున 170 కిలోమీటర్లు. ల మాన్‌లో సగటు వేగం గంటకు నూరు మైళ్లు దాటడం అదే మొదటిసారి. మాస్, పీటర్ వాకర్ల జాగ్వార్ రెండో స్థానం. కన్నింగ్‌హామ్ మూడు. ఇంకో జాగ్వార్ నాలుగు. తెచ్చిన మూడు కార్లూ చివరిదాకా నిలిచాయి, మూడింటికీ బ్రేకులు నిలిచాయి.

రెండేళ్ల తర్వాత, 1955 జూన్ 11న, ఇదే ల మాన్‌లో ఒక జాగ్వార్ పిట్ కోసం వేగం తగ్గించింది. వెనక వస్తున్న ఆస్టిన్-హీలీ పక్కకు తప్పుకుంది. దాన్ని మెర్సిడెస్ ఢీకొని జనంలోకి ఎగిరింది. ఎనభై మందికి పైగా చనిపోయారు. విచారణ ఏ డ్రైవరునూ తప్పుపట్టలేదు. ఇరుకైన రోడ్డు, జనానికి అడ్డుగోడ చాలకపోవడం బయటపడ్డాయి. ఎవరి బ్రేకులు ఎంత బాగున్నా, పక్కవాడు ఎంతలో ఆగగలడన్నది కూడా రోడ్డు మీద లెక్కకు రావాల్సిందే.

షెడ్డులో నేర్చుకోవాల్సింది

పందెం తర్వాత డిస్కు మామూలు జనం కార్లలోకి దిగింది. 1955లో సిట్రోయెన్ డీఎస్ ముందు చక్రాలకు, 1956లో ట్రయంఫ్ టీఆర్3కి, 1957లో జాగ్వార్ ఎక్స్‌కే 150 నాలుగు చక్రాలకూ వచ్చింది. అంతకు ముందు డ్రమ్ములతో వచ్చిన ఎక్స్‌కే 120లను, ఎం.జి.లను, ట్రయంఫ్‌లను ప్రేమగా చూసుకునే యజమానులు ఇవాళ వాటికి డిస్కులు వేయిస్తున్నారు. బోల్టుల హబ్బు తీసి ఊచల చక్రం పట్టే పళ్ల హబ్బు పెట్టిస్తున్నారు. ఆ పనిలో జాగ్రత్తలన్నీ డ్యూయిస్ పడిన పాట్ల నుంచి వచ్చినవే.

పళ్ల హబ్బులో చక్రాన్ని తిప్పే బలమూ ఆపే బలమూ ఆ పళ్ల గుండానే పోతాయి. పళ్లు అరిగి మొన తేలి ఉంటే బ్రేకు నొక్కినప్పుడల్లా టక్కుమంటుంది. అరిగిన హబ్బు మీద కొత్త చక్రం పెట్టినా, అరిగిన చక్రాన్ని కొత్త హబ్బు మీద పెట్టినా అరిగినది కొత్తదాన్ని తినేస్తుంది. మధ్య నట్టుకు కారు ఎడమ వైపు మామూలు మర, కుడి వైపు ఎదురు మర. కారు ముందుకు పోతున్నప్పుడు నట్టు వదులు కాకుండా బిగుసుకునే వైపు ఉండటానికి ఆ ఏర్పాటు. హబ్బులు అటూ ఇటూ మార్చి బిగిస్తే దారి మధ్యలో చక్రం ఊడిపోతుంది.

డ్రమ్ముల మాస్టర్ సిలిండరులో గొట్టాల్లో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. డిస్కులు పెట్టి దాన్ని తీయకపోతే ప్యాడ్లు పళ్లేన్ని వదలవు, రాసుకుంటూ కాలిపోతాయి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు తూగుతుంది. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే కారు గిర్రున తిరుగుతుంది. ముందు వెనక పట్టు సరిచూడకుండా రోడ్డెక్కకూడదు. వీటన్నిటికన్నా ముందు హబ్బు బేరింగు. అందులో ప్లే ఉంటే పైన ఎంత ఖరీదైన డిస్కు పెట్టినా మొదటి నొక్కు ఉత్తినే పోతుంది.

సోలాపూర్ కార్ఖానాలో దీన్ని వేరే మాటల్లో అందరూ ఎరుగుదురు. నిమిషానికి వంద సార్లకు పైగా నాడె అటూ ఇటూ పోతుంది. అది అవతలి పెట్టెలోకి చేరకుండా పడుగు మధ్యలో చిక్కిందా, పన్నె వచ్చి దాన్ని గుద్దిందంటే వందల పోగులు ఒక్క దెబ్బకు తెగుతాయి. అతుకులు వేసేసరికి పూట కూలి పోతుంది. అందుకే సాంచా ఉన్నపళాన ఆగాలి. నాడె తప్పిందని పసిగట్టే కమ్మీ, పట్టాను తప్పించే మీట, ఇరుసు మీది చక్రాన్ని పట్టే బ్రేకు, మూడూ ఒకే క్షణంలో పనిచేయాలి. ఇవాళ పాత సాంచాలకు పడుగు తెగితే ఆపే కొత్త సరంజామా బిగిస్తున్నారు. 2017లో మొదలైన పవర్‌టెక్స్ పథకంలో కేంద్రం అలాంటి మార్పులకు సాయం చేసింది. కొత్త సరంజామా ఎంత చురుకుగా పసిగట్టినా, పాత బ్రేకు పట్టా అరిగి ఉంటే, ఇరుసు బుష్షులు వదులుగా ఉంటే, సాంచా ఆగేలోపు నష్టం జరిగిపోతుంది. మంచి జాబరు కొత్త సామాను పెట్టె విప్పే ముందు పాత ఇరుసును చేత్తో ఊపి చూసేది అందుకే.

ల మాన్ విజేతల పట్టికలో రోల్ట్, హామిల్టన్ల పేర్లు ఉన్నాయి. ఉండాల్సిందే. 1985 దాకా జాగ్వార్‌లో పనిచేసి, 98 ఏళ్ల వయసులో, 2019లో కన్నుమూసిన డ్యూయిస్ పేరు ఆ ఏటి పట్టికలో లేదు. ఆయన కాలి కింద తేలిన నిజం మాత్రం రోడ్డు మీద తిరిగే ప్రతి డిస్కు బ్రేకులోనూ ఉంది. అది ఇది: బ్రేకు అన్నది కొని తెచ్చి బిగించే ఒక సామాను కాదు. బేరింగు దగ్గర మొదలై డ్రైవరు కాలి దాకా సాగే వరస అది. వరసలో ఏది బలహీనమో బండి అక్కడే ఆగనంటుంది. పాత బండికి బ్రేకులు మార్పించుకునేవాళ్లు డిస్కు ధర అడిగే ముందు చక్రాన్ని పైకి లేపించి, రెండు చేతులతో పైనా కిందా పట్టి ఊపి, హబ్బులో ప్లే ఎంతుందో చూపించమని మెకానిక్కును అడగండి. చూపించి, సరిచేసి, ఆ తర్వాతే డిస్కు ముట్టుకునే మెకానిక్కు దొరికితే ఆయన అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.